మాట వినని పిల్లాడు

బొంబీల పాఠం ఉన్న రోజు బడిలో లెక్కలుండవు. అందుకే బొంబీలు వెతికి తీసే జట్టులోని లత్సమి గోడకి బొమ్మల గుడ్డ వేలాడదీస్తుంటే పిల్లలకి పండగలా ఉంది. ఆమె వెదురు పుల్లతో మొదటి బొమ్మ మీద తట్టింది. గుప్పెట్లో ఇమిడే ఇనప గుండు, బొంబీ. ఒక్క పెద్ద డొల్లలో ఇలాంటివి వందల కొద్దీ నింపి యుద్ధం రోజుల్లో విమానాల్లోంచి జారవిడిచేవారు. డొల్ల గాలిలో విచ్చుకుంటే ఇవి పొలాల మీద, వాగుల మీద, ఇళ్ళ మీద చల్లినట్టు పడేవి. పేలినవి పేలాయి. పేలనివి పిల్లల తాతల కాలం నుంచీ మట్టిలో అలాగే ఉన్నాయి.

"ఇది కనిపిస్తే ఏం చేయాలి?"

"ముట్టుకోకూడదు! దగ్గరికి పోకూడదు! పెద్దవాళ్ళకి చెప్పాలి!" నలభై గొంతులు ఒక్కసారి అరిచాయి. వెనక బల్ల మీద పిల్ల ఒకతి అందరికంటే ఆలస్యంగా "పెద్దవాళ్ళకి చెప్పాలి" అంటే అందరూ నవ్వారు.

రెండో బొమ్మలో ఒక కుటుంబం నెగడు చుట్టూ కూర్చుని చలి కాచుకుంటోంది. నెగడు కింద మట్టిలో గుండ్రటి మచ్చ. "మట్టిలో ఉందిగా, ఏం చేస్తుందిలే అనుకోకూడదు. పైన మంట వేస్తే కింద అది వేడెక్కుతుంది. ఎక్కడ పడితే అక్కడ పొయ్యి పెట్టకూడదు," అంది లత్సమి.

చివర్లో ఊరి పెద్ద సీఫన్ లేచాడు. నలభై దాటిన మనిషి, నవ్వితే ఊరంతా వినిపించే గొంతు. ఈ కథ చెప్పేటప్పుడు మాత్రం ఆ గొంతు సగానికి దిగిపోతుంది.

"మా ఇంట్లో ఒక మాట వినని పిల్లాడు ఉండేవాడు. నా తమ్ముడు. ఏడేళ్ళు. మా నాన్న చెప్పాడు, మా అమ్మ చెప్పింది, నేనూ చెప్పాను. వాగు దగ్గర ఒకటి దొరికితే తీసి జేబులో వేసుకున్నాడు. మీరూ అలా మాట వినకపోతే మీ అమ్మ అన్నాల దగ్గర ఒక గిన్నె తక్కువ పెట్టుకోవాల్సి వస్తుంది. అర్థమైందా?"

ఎవరూ అరవలేదు. తలలు మాత్రం ఊపారు.

ఏళ్ళ కిందట ఇదే బడిలో మొదటిసారి విన్నప్పుడే ఆ కథ బాగా పనిచేస్తుందని లత్సమి కనిపెట్టింది. తన జట్టు ఏ ఊరికి వెళ్ళినా బడిలో అదే చెప్పేది. పదహారు ఊళ్ళలో చెప్పింది. ఏ ఊళ్ళోనూ పిల్లలు ఆ తరవాత అల్లరి చేయలేదు.

మధ్యాహ్నం పొలంలోకి దిగింది. బడి వెనక, వాగు దాకా ఉన్న ఆ నేల బువాఖమ్ అవ్వది. బడికి కూరగాయల తోట కోసం, పిల్లలకి మధ్యాహ్నం వండి పెట్టే వంటసాల కోసం ఇచ్చేసింది. ఆడవాళ్ళే ఎనిమిదిమంది ఉన్న లత్సమి జట్టు మూడు వారాలుగా బడి పక్క గుడారాల్లో ఉంటూ ఆ నేలని అంగుళం అంగుళం గాలిస్తోంది. నేలంతా తాళ్ళతో గళ్ళుగా కట్టి, ఒక్కొక్క గడిని మీటరు వెడల్పు బాటలుగా చీల్చి, మనిషికొక బాట. ఇనుము తగిలితే కూసే డిటెక్టర్ రింగుని నేలకి నాలుగు వేళ్ళ ఎత్తులో ఊపుతూ అడుగు తీసి అడుగు వేయాలి. కూసిన చోటల్లా నీలం బిళ్ళ పెట్టాలి. బాట అయ్యాక వెనక్కి వచ్చి బిళ్ళ బిళ్ళకీ బోర్లా పడుకుని, జానెడు ఎడంగా తాపీతో మొదలుపెట్టి, పక్కనుంచి మట్టి గీరుకుంటూ పోవాలి. పైనుంచి పొడిచినవాళ్ళు రెండోసారి పొడవడానికి మిగలరు. వందసార్లు తవ్వితే తొంభై తొమ్మిదిసార్లు తూటా డొల్లో, విరిగిన పలుగు ముక్కో, మేకో వస్తుంది. ఆ వందోది కోసమే ఇంత కథ.

ఆమెకి మిగిలింది ఆఖరి బాట. ఒకప్పుడు అవ్వ ఇల్లున్న చోటు అది. స్తంభాల మీద లేపిన ఇల్లు ఎప్పుడో విప్పేసి రోడ్డు వారకి మార్చుకున్నారు. మెట్ల కింద వేసిన బల్లపరుపు రాయి ఒక్కటే మిగిలింది. రాయి పక్కన రింగు పెట్టగానే డిటెక్టర్ కూసింది.

నీలం బిళ్ళ తీస్తుండగా తాళ్ళ అవతలనుంచి పిలుపు వినిపించింది.

"అమ్మాయ్! అక్కడ తవ్వకు తల్లీ."

బువాఖమ్ అవ్వ. డెబ్భై ఏళ్ళ ప్రాణం, వెదురు బద్దలా ఉంటుంది. తాడు దాటి రాకూడదని తెలుసు కాబట్టి దాని అవతలే గొంతుక్కూర్చుంది.

"ఏముందవ్వా ఇక్కడ?"

"నా కొడుకు మావి. వాడు పుట్టినప్పుడు మెట్ల కిందే పెట్టాం గదా. పాలపొడి డబ్బాలో పెట్టి పూడ్చా. ఆ డబ్బానే నీ మిషను అరుస్తున్నది."

లత్సమి బిళ్ళని కింద పెట్టలేదు. కాన్పు కాగానే మావిని ఇంటి మెట్ల కింద పాతిపెట్టడం ఆ సీమలో ఇంటింటా ఉన్నదే. మనిషి ఎక్కడ తిరిగినా అతని ఊరు అదే. ఆమె తన ఇద్దరు పిల్లల మావినీ ఆసుపత్రి నుంచి సంచిలో పెట్టుకుని బస్సులో తెచ్చి మరీ అమ్మ ఇంటి మెట్ల కింద పాతింది. పక్క సీటువాడు చేపలా అని అడిగితే అవునంది.

"తవ్వాలవ్వా. కూసిన ప్రతి చోటా తవ్వాలి. మా రూలు అది."

"నా కొడుకు ఎవరనుకున్నావు? మన గుళ్ళో స్వామి. పదేళ్ళప్పుడు కాషాయం కట్టాడు, ఇంతవరకూ విడవలేదు. అలాంటి మనిషి మావిని పారతో పొడుస్తావా? నీకూ అమ్మ ఉంది గదమ్మా." అవ్వ తాడు మీదుగా చెయ్యి చాపింది. లత్సమి దగ్గరికి వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది. ఎండు చెక్కలాంటి చెయ్యి, చలికాలంలోనూ చెమట పట్టి ఉంది.

అప్పటికి మూడున్నర. తుప్పు పట్టిన రేకు కూత సన్నగా, చిరిగినట్టు ఉంటుంది. రాయి పక్కన వినబడింది నిండుగా, గుండ్రంగా ఉంది. తొమ్మిదేళ్ళుగా ఆ పనిలో ఉన్న చెవికి ఆ తేడా తెలియకపోవడం ఉండదు. తెలిసింది కూడా. రేపు పట్నంనుంచి తనిఖీవాళ్ళు వస్తారు, శుక్రవారం నేల అప్పగించే వేడుక, అవ్వ చెయ్యి ఇంకా తన చేతిలోనే ఉంది. లత్సమి నీలం బిళ్ళని జేబులో వేసుకుంది.

మిగతా పది బిళ్ళల దగ్గరా తవ్వి వచ్చేసరికి గుడారం దగ్గర జట్టు నాయకురాలు వన్‌ఫెంగ్ కాగితాలు ముందేసుకుని కూర్చుంది. "ఆఖరి బాట అయిందా? ఏమొచ్చాయి?"

"పదకొండు కూతలక్కా. అన్నీ ఇనప తుక్కే."

"రాయి దగ్గర?"

"రేకు డబ్బా. తవ్వి తీసేశాను."

అంతటితో ఆగినా బాగుండేది. తుక్కు బకెట్‌లో పదకొండు ముక్కలుండాలి కదా అని, పక్క గడి కుప్పలోంచి తుప్పు రేకు ఒకటి తెచ్చి అందులో పడేసింది. కాగితం మీద సంతకం చేస్తుంటే ఆమె చేతికి ఏమీ అనిపించలేదు. సిగ్గు తరవాత వచ్చింది, చేతులు కడుక్కుంటున్నప్పుడు. పది చోట్ల తవ్విన మట్టి గోళ్ళలోంచి దిగిపోయింది. తవ్వని పదకొండో చోటు ఎంత తోమినా వదల్లేదు.

మర్నాడు తనిఖీకి ఇద్దరు వచ్చారు. నేలలో పదో వంతు తమకి నచ్చిన చోట మళ్ళీ గాలించి చూడడం వాళ్ళ పని. లత్సమి చెట్టు కింద నిలబడి వాళ్ళ అడుగులే చూస్తోంది. ఆ రాయి దగ్గరికి వెళ్తే బాగుండని ఒక క్షణం, వెళ్ళకుండా ఉంటే బాగుండని ఇంకో క్షణం. వాళ్ళు వాగు వైపు నాలుగు గళ్ళు చూసి, "మీ జట్టుకి వంక పెట్టాల్సిన పని లేదు," అని వన్‌ఫెంగ్‌తో చెప్పి బండెక్కారు.

"విన్నారా అమ్మాయిలూ!" అంది వన్‌ఫెంగ్. ఎప్పుడూ మెచ్చుకోని మనిషి అలా అనేసరికి లావుపాటి నోయ్ గెంతింది. నోయ్ గెంతితే గుడారం తాళ్ళు ఊగాయి.

"అక్కా, దానికి గెంతొద్దని చెప్పు. మనకి కనబడని బొంబీలన్నీ అదే పేల్చేస్తుంది," అంది ఒకతి. అందరూ నవ్వారు. లత్సమి కూడా నవ్వింది, ఎవరైనా తన మొహం చూస్తారేమోనని.

మధ్యాహ్నం భోజనాల దగ్గరికి బుట్ట వచ్చింది. జిగురన్నం, వెదురు కొమ్ముల కూర, కాల్చిన మిరపకాయల పచ్చడి. బువాఖమ్ అవ్వ పంపిందట, లత్సమి కోసమని. "ఏం మందు పెట్టావే అవ్వకి?" అంది నోయ్. అప్పటికే అన్నం ముద్ద చేసి పచ్చడిలో ముంచింది. లత్సమి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. మిగతాది నోయ్ వైపు జరిపింది. డబ్బుకి ఆశపడి లంచం తినేవాళ్ళని ఆమె చాలాసార్లు తిట్టింది. తాను జిగురన్నానికి అమ్ముడుపోయింది.

భోజనాలయ్యాక సీఫన్ నలుగురు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వంటసాల బడి గోడ పక్కన కట్టాలని మొదట అనుకున్నారు. గాలి అటే వీస్తుంది కాబట్టి పొగంతా తరగతి గదుల్లోకి పోతుందని బడి పంతులు అన్నాడట. సీఫన్ నేలంతా తిరిగి చూసి, అవ్వ పాత ఇంటి చోట ఆగాడు.

"ఇక్కడైతే చదునుగా ఉంది, వాగు దగ్గర. ఆ మెట్ల రాయి పక్కనే పెద్ద పొయ్యి. శుక్రవారం వేడుక భోజనాలు ఇక్కడే వండేద్దాం. బోణీ అయినట్టుంటుంది."

మనుషులు మూడు పొయ్యిరాళ్ళు దొర్లించుకొచ్చి వేశారు. ఒక రాయి సరిగ్గా నీలం బిళ్ళ పెట్టాల్సిన చోటే పడింది. లత్సమి కళ్ళకి బొమ్మల గుడ్డ మీది నెగడు కనిపించింది. నెగడు కింద గుండ్రటి మచ్చ. అది ఒట్టి డబ్బాయే అయ్యుంటుందని తనకి తాను చెప్పుకుంది. సాయంత్రందాకా చెప్పుకుంటూనే ఉంది. చెప్పుకున్న ప్రతిసారీ చెవిలో ఆ నిండు కూత వినిపించింది. వన్‌ఫెంగ్ దగ్గరికి రెండుసార్లు వెళ్ళింది. మొదటిసారి ఉప్పు అడిగి వచ్చింది. రెండోసారి ఏమీ అడగకుండానే వచ్చింది. తొమ్మిదేళ్ళ పేరు, జట్టంతటి పేరు, ఇప్పుడే గెంతిన నోయ్ మొహం, ఇవన్నీ అడ్డమొచ్చాయి. రేపు పొద్దున చెబుతాననుకుంది. రేపంటే ఇంకా మంట వేయరు కదా అని ఒక నీచమైన లెక్క కూడా వేసుకుంది.

గురువారం మంచు తెరిపి ఇవ్వకముందే పలుగులతో మనుషులు వచ్చారు. పొయ్యికి గొయ్యి తీయాలి. చూస్తే మెట్ల రాయి మీద బువాఖమ్ అవ్వ కూర్చుని ఉంది. భుజాల మీద దుప్పటి, ఒళ్ళో చేతులు. ఎప్పటినుంచి కూర్చుందో దుప్పటి తడిసిపోయింది.

"లే అవ్వా. పొయ్యి తవ్వాలి," అన్నాడు సీఫన్.

"ఇంకో చోట తవ్వుకో."

"నేల ఇచ్చింది నువ్వే గదా!"

"ఇచ్చా. ఈ రాయి ఇవ్వలా."

పలుగులవాళ్ళు నవ్వారు. సీఫన్ కూడా నవ్వు ఆపుకుంటూ ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "మావి గురించేనా నీ బాధ? అవ్వా, స్వామివారి మావి మీద వండిన అన్నం తింటే మన పిల్లలందరికీ చదువు అదే వస్తుంది. ఇంతకంటే పుణ్యం ఏముంది?"

అవ్వ కదల్లేదు. నోయ్, మిగతా అమ్మాయిలు గుడారాల్లోంచి వచ్చి చూస్తున్నారు. లత్సమి వాళ్ళ వెనక నిలబడింది.

"అయినా ఇప్పుడు మావీ లేదు, డబ్బా లేదు," అంటూ సీఫన్ జేబులోంచి కాగితం తీశాడు. నిన్న తనిఖీవాళ్ళు ముద్ర వేసిన నకలు. కళ్ళకి దూరంగా పట్టుకుని చదివాడు. "ఇదిగో. మెట్ల రాయి పక్కన రేకు డబ్బా, తవ్వి తీసేశాం. సంతకం, లత్సమి. చూశావా? మొన్ననే తీసేశారు. నువ్వు ఖాళీ గుంత మీద కూర్చున్నావు."

అవ్వ తల ఎత్తింది. అందరినీ దాటుకుని ఆమె చూపు లత్సమి మీదికి వచ్చి ఆగింది. అక్కడ తవ్వలేదని తెలిసినవాళ్ళు ఈ లోకంలో ఇద్దరే. ఒకరు నిలబడి ఉన్నారు, ఒకరు కూర్చుని ఉన్నారు.

"తవ్వావా తల్లీ?" అని అడిగింది అవ్వ.

ఊ అంటే చాలు. అవ్వ కాదని ఎలా అంటుంది? అవ్వ అరిచి గీపెట్టినా ముసలిదాని చాదస్తం అంటారు, రెక్క పట్టుకుని లేపి పక్కన కూర్చోబెడతారు, గొయ్యి తీస్తారు. లత్సమికి చెవులు కాలిపోయాయి. ఆడపిల్లలందరూ తిరిగి తన వైపే చూస్తున్నారు.

"లేదవ్వా," అంది. "తవ్వలేదు. అబద్ధం రాశాను. బకెట్‌లో రేకు కూడా వేరే చోటునుంచి తెచ్చి వేశాను. అక్కడ కూసింది డబ్బా కూత కాదు. అప్పుడే తెలుసు నాకు."

వన్‌ఫెంగ్ తిట్టలేదు. తిడితే లత్సమికి తేలికగా ఉండేది. "అందరూ రోడ్డు దాకా వెనక్కి నడవండి. పలుగులు అక్కడే వదిలేయండి," అంది, రోజూ టీ పెట్టమని చెప్పే గొంతుతోనే. తరవాత లత్సమి వైపు తిరిగింది. "నువ్వు ముట్టుకోకు. అవ్వని తీసుకెళ్ళు."

లత్సమి అవ్వని లేవదీసింది. చలికి మోకాళ్ళు బిగుసుకుపోయి ఆమె సగం దూరం ఈమె భుజం మీదే వాలి నడిచింది. రోడ్డు గట్టు మీద కూర్చోబెట్టాక అవ్వ మెల్లగా అంది, "నువ్వు చెప్పేశావు. నాకు చేతకాలేదు."

"ఏం ఉందవ్వా అందులో?"

అవ్వ దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. పొలంలో వన్‌ఫెంగ్ బోర్లా పడుకుని ఉంది. తాపీ కదలిక ఇక్కడికి కనబడదు, మోచెయ్యి మాత్రం కొద్దికొద్దిగా ముందుకీ వెనక్కీ ఆడుతోంది. అరగంట పట్టింది. ఆమె లేచి, మోకాళ్ళు దులుపుకుని, తాళ్ళ వెంబడే నడిచి వచ్చింది.

"ఉంది. బొంబీ ఒకటి," అంది. అందరి ఊపిరీ ఒక్కసారి వినబడింది. "కానీ పైనుంచి పడింది కాదు. పాలపొడి డబ్బాలో ఉంది. డబ్బా పక్కంతా తుప్పు తినేసింది, గుండు కనిపిస్తోంది. మూత మీదుగా రాగితీగ అడ్డంగా నిలువుగా చుట్టారు. ఎవరో చేతులారా పెట్టారు."

సీఫన్ మొహంలో నవ్వు ఎప్పుడో పోయింది. ఇప్పుడు రంగు కూడా పోయింది. ఎవరితో అంటున్నాడో తెలియనట్టుగా అన్నాడు, "రెండు ఉన్నాయన్నాడు."

"ఎవరు?" అంది వన్‌ఫెంగ్.

"నా తమ్ముడు. ఆ పొద్దున అన్నాడు నాతో. అవతలింటి అన్న దగ్గర రెండు ఇనప బంతులున్నాయంట, పెద్దవాళ్ళు విసిరి ఆడే ఆట ఆడదామన్నాడంట అని. నేను దహనం అయ్యాక ఆ మాట నాన్నతో చెబితే చెంప పగలగొట్టాడు. చచ్చిపోయినవాడి తప్పు ఊళ్ళోవాళ్ళ పిల్లల మీద వేస్తావా అని. ఇంకెప్పుడూ అనలేదు."

బువాఖమ్ అవ్వ గట్టు మీదనుంచి జారి రోడ్డు మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుంది. సీఫన్ వయసుకి ఆమె అమ్మలాంటిది. అలా కూర్చుని అతని కాళ్ళకి చేతులు జోడిస్తుంటే అతను గభాల్న వెనక్కి తగ్గాడు.

"మీవాడు ఏరుకోలేదు నాయనా. నా కొడుకే తెచ్చాడు. నా కొడుకే పట్టుకోమన్నాడు. నువ్వు చిన్నవాడివి, ముందు నువ్వు వెయ్యి, దూరంగా వెయ్యి అన్నాడంట. మీవాడు సరే అన్నా అని వేశాడు. రెండోది పట్టుకుని నావాడు ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. నేను దాన్ని డబ్బాలో పెట్టి, వాడి మావి మీదే పూడ్చా. ఆ చోట ఎవరూ తవ్వరు గదా అని." ఆమె ఊపిరి తీసుకుంది. "మీ అమ్మ వచ్చి నా మెట్ల మీద కూర్చుని ఏడ్చేది. మాట వినలేదక్కా, చెప్పిన మాట వినలేదు అని. నేను అన్నం పెట్టేదాన్ని. ఔనమ్మా, వినలేదు అనేదాన్ని."

"స్వామికి తెలుసా?" అన్నాడు సీఫన్.

"వాడు ఆ నెలనుంచీ గుళ్ళోనే ఉన్నాడు గదా నాయనా."

ఎంత భక్తో ఆ పిల్లాడికి అని ఊరంతా ముప్పై ఏళ్ళు చెప్పుకుంది. సీఫన్ వెళ్ళి పొలానికి వీపు పెట్టి నిలబడ్డాడు. లత్సమికి అవ్వని లేపాలనిపించింది. లేపడానికి తన చేతులు ఏపాటి శుభ్రమైనవి? అయినా లేపింది.

దొరికిన బొంబీని కదిలించకూడదు, ఉన్న చోటే పేల్చేయాలి. ఇసుక బస్తాలు పేర్చారు. దారులకి కాపలా నిలబెట్టారు. సాయంత్రం నాలుగింటికి వన్‌ఫెంగ్ మైకులో మూడుసార్లు హెచ్చరించి అంకెలు లెక్కపెట్టింది. చప్పుడు ఊళ్ళోకి పోయి, కొండకి తగిలి వెనక్కి వచ్చింది. మట్టి పైకి లేచి, నెమ్మదిగా వానలా రాలింది. అవ్వ చెవులు మూసుకోవడం మరిచిపోయింది.

"మావి కూడా పోయిందా?"

"పోయిందవ్వా."

"పోనీలే," అంది అవ్వ. దుప్పటి కప్పుకుని ఒక్కతే ఇంటి వైపు నడిచింది.

శుక్రవారం వేడుక జరగలేదు. పొద్దున్నే ఎప్పటిలాగే గుళ్ళోంచి స్వామి భిక్షకి బయల్దేరాడు. సన్నగా, పొడుగ్గా, నేల మీదనుంచి చూపు ఎత్తని మనిషి. రోడ్డు పక్కన ఆడా మగా చాపల మీద మోకాళ్ళ మీద కూర్చుని, వెదురు బుట్టల్లో వేడి జిగురన్నం పట్టుకుని ఉన్నారు. అందరికీ తెలిసిపోయింది. వరసలో మొదట బువాఖమ్ అవ్వ, నాలుగో చోట సీఫన్. అతను వస్తాడని ఎవరూ అనుకోలేదు. లత్సమి రోడ్డు అవతల, భుజాన తాళ్ళు కట్టే కొయ్య మేకుల కట్టతో ఆగిపోయింది.

స్వామి తల్లి ముందు ఆగాడు, అన్నం అందుకోవడానికి పాత్ర మూత తీయలేదు. రెండో మనిషి ముందు తీయలేదు, మూడో మనిషి ముందూ తీయలేదు. సీఫన్ ముందుకి వచ్చేసరికి అడుగు సాగక నిలబడిపోయాడు. సీఫన్ చేతిలో ముద్ద ఆవిరి కక్కుతోంది. ఇద్దరూ అలా ఎంతసేపున్నారో, ఒక కోడి వాళ్ళ మధ్యనుంచి నడుచుకుంటూ పోయింది.

"మూత తీయి స్వామీ. చల్లారిపోతుంది," అన్నాడు సీఫన్.

స్వామి చేతులు కదల్లేదు. సీఫన్ ఆ ముద్దని మూత మీదే పెట్టాడు. తరవాత బుట్ట మూసుకుని, చాప చుట్టుకుని వెళ్ళిపోయాడు. అది క్షమించడమో, కోపమో చూసినవాళ్ళకి తేలలేదు. స్వామి ఆ ముద్ద కింద పడకుండా పాత్రని రెండు చేతులా పట్టుకుని వెనక్కి తిరిగాడు.

ఆ రోజంతా జట్టు మళ్ళీ నేలకి వంగింది. లత్సమి సంతకం ఉన్న ప్రతి బాటనీ, మూడు వారాలవన్నీ, తిరిగి గాలించాలి. ఆమె డిటెక్టర్‌ని వన్‌ఫెంగ్ తీసేసుకుంది. పట్నం ఆఫీసు ఏం తేలుస్తుందో తెలియదు. అప్పటిదాకా మేకులు మొయ్యాలి, తాళ్ళు కట్టాలి. నోయ్ ఆమె పక్కనుంచి పోతూ ఒక్క జోకూ వేయలేదు. తన వీపు మీద ఎవరైనా రాయి విసిరినా ఇంత నొప్పి ఉండదనిపించింది లత్సమికి. బాటల హద్దు కట్టేటప్పుడు ఆమె తాడుని అవసరమైన దానికంటే గట్టిగా లాగి కట్టింది. ఏ బాటలోనూ వేరే తప్పు దొరకలేదు. దొరకనందుకు ఎవరూ మెచ్చుకోలేదు, మెచ్చుకోవాల్సిన పనీ లేదు.

శనివారం పొద్దున వన్‌ఫెంగ్ బొమ్మల గుడ్డ ఆమె ఒళ్ళో పడేసింది. "బడికి వెళ్ళు. చప్పుడుకి పిల్లలు బెదిరిపోయారంట, మళ్ళీ ఒకసారి చెప్పాలంట."

"నేనా అక్కా?"

"అబద్ధం రాసినదానివి నువ్వే గదా. ఇంకెవరిని పంపను?"

గదిలో నలభైమంది పిల్లలు. వెనక తలుపు దగ్గర సీఫన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లత్సమి గుడ్డ వేలాడదీసింది. మొదటి బొమ్మ, రెండో బొమ్మ. నెగడు బొమ్మ మీద పుల్ల పెట్టినప్పుడు, "మొన్న ఇక్కడే, మన బడి వెనక, పొయ్యి కింద ఒకటి ఉండేది. ఉందని నాకు అనుమానం ఉండీ చెప్పలేదు. మీ వంటసాల అక్కడే కట్టబోయారు," అంది. పిల్లలు ఆమెని విచిత్రంగా చూశారు. పెద్దవాళ్ళు తప్పు ఒప్పుకోవడం వాళ్ళు అంతగా చూసింది కాదు.

పాఠం అయిపోతుండగా వెనక బల్ల పిల్ల చెయ్యెత్తింది. "అక్కా, మాట వినని పిల్లాడి కథ చెప్పవా?"

అది సీఫన్ చెప్పే చోటు. లత్సమి తలుపు వైపు చూసింది. అతను అక్కడినుంచి కదల్లేదు, నువ్వే చెప్పమన్నట్టు గడ్డం ఎత్తాడు.

"ఆ కథ నేను పదహారు ఊళ్ళలో చెప్పాను. తప్పు చెప్పాను," అంది లత్సమి. "ఆ పిల్లాడికి ఏడేళ్ళు. వాడికంటే పెద్దవాడు ఇనప గుండు చేతిలో పెట్టి పట్టుకోమన్నాడు, పట్టుకున్నాడు. దూరంగా వెయ్యమన్నాడు, వేశాడు. పెద్దవాడికి కూడా పదేళ్ళే, అది బంతి అనుకున్నాడు. తరవాత పెద్దవాళ్ళందరూ ఎవరి పరువు కోసం వాళ్ళు నోరు మూసుకున్నారు. ఎవరైనా సరే, మీకంటే పెద్దవాళ్ళయినా సరే, ఇది పట్టుకో అంటే మీరు పట్టుకోకూడదు. పరిగెత్తి వచ్చి చెప్పాలి. చెబితే ఎవరూ కొట్టరు." ఆ చివరి మాట నిజమో కాదో ఆమెకి తెలియదు. నిజం చేయాలని మాత్రం అనిపించింది.

"వాడి పేరేంటక్కా?"

లత్సమికి తెలియదు. పదహారు ఊళ్ళలో ఆ పిల్లాణ్ణి చంపి చూపించింది. ఎక్కడా ఎవరూ అడగలేదు, తానూ ఎన్నడూ అడిగి తెలుసుకోలేదు. సిగ్గుతో ఆమె తల దానంతట అదే వంగిపోయింది.

తలుపు దగ్గరనుంచి గొంతు వచ్చింది. ఆ రోజు అది సగానికి దిగలేదు, గది చివరిదాకా వినిపించింది.

"తొంగ్‌లాయ్," అన్నాడు సీఫన్. "వాడి పేరు తొంగ్‌లాయ్. మా ఇంట్లో చెప్పిన మాట వినేవాడు వాడొక్కడే."